లీగల్ ఒపీనియన్ నమ్మి ప్లాట్ కొన్నాం, ఇప్పుడు లావణి భూమి అంటున్నారు: వకీలు మీద కేసు వేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 2023 నవంబర్‌లో నార్కట్‌పల్లి దగ్గర ఒక వెంచర్‌లో మీ భార్య పేరు మీద 200 గజాల ప్లాట్ కొన్నారు. ఇచ్చింది 16 లక్షలు, దస్తావేజులో చూపింది తొమ్మిదిన్నర లక్షలు, అందులో బ్యాంకు లోన్ 7 లక్షలు. అంతకు నెల ముందు, అక్టోబర్‌లో, ఒక వకీలుకు 8 వేలు ఇచ్చి లీగల్ ఒపీనియన్ తీసుకున్నారు. టైటిల్ క్లియర్ అని ఆయన రాసిచ్చారు. ఇప్పుడు అమ్మబోతే ఆ సర్వే నంబరు లావణి పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) కింద, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెనక్కి పంపారు. వకీలు ఫోన్ ఎత్తడం లేదు. ఆయన మీద కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లి మొత్తం 16 లక్షలు రాబట్టొచ్చా, బ్యాంకును, డాక్యుమెంట్ రైటర్‌ను కూడా కలపొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. వకీలు మీద కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లలేరు, సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయొచ్చు. కానీ మీ డబ్బుకు మొదట జవాబు చెప్పాల్సింది మీకు ప్లాట్ అమ్మినవాళ్లు. వకీలు మీద దావా రెండో వరస. అది గెలవడం ఆయన ఇచ్చిన ఒపీనియన్ కాగితంలో ఏం రాసి ఉందన్న దాని మీదే చాలావరకు ఆధారపడుతుంది. ఇంకో సంగతి, మీకు టైమ్ ఎక్కువ లేదు.

నేను నల్గొండ జిల్లా కోర్టుల్లో ఎక్కువగా భూమి తగాదాలే చూస్తాను. ఇలాంటి ఫైళ్లు హైవే పక్క ఊళ్ల నుంచి, అటు జడ్చర్ల, షాద్‌నగర్ వైపు నుంచి కూడా వస్తుంటాయి. అందరూ మొదట అడిగేది వకీలు గురించే, ఎందుకంటే నమ్మింది ఆయన్ని. ఆ బాధ అర్థమవుతుంది. కానీ కోపం ఎవరి మీద ఉందో వాళ్ల మీదే కేసు వేస్తే పైసలు వస్తాయని కాదు.

కన్జ్యూమర్ కోర్టు ఎందుకు కుదరదు

2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వకీళ్ల సేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని అందులో స్పష్టంగా చెప్పింది. అంతకు ముందు 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఆ చట్టం కిందికి వస్తుందనే చెప్పింది కాబట్టి పాత వీడియోల్లో, పాత సమాధానాల్లో మీకు వేరేలా కనపడొచ్చు, వాటిని పట్టించుకోకండి. ఇప్పుడు జిల్లా కమిషన్‌లో వకీలు మీద ఫిర్యాదు వేస్తే నిలబడదు, ఈలోగా మీ టైమ్ పోతుంది.

అలాగని వకీలును అడిగే హక్కే పోయిందనుకోవద్దు. వకీలు అయినంత మాత్రాన నిర్లక్ష్యం కేసు నుంచి మినహాయింపు లేదని 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టంలోని 5వ సెక్షనే చెప్తుంది. కాంట్రాక్టు చట్టం కింద కూడా ఫీజు తీసుకుని పని ఒప్పుకున్నవాడు తన అజాగ్రత్త వల్ల నేరుగా వచ్చిన నష్టానికి బాధ్యుడు. కాబట్టి సివిల్ దావాకు దారి ఉంది. కోర్టు ఫీజు కట్టాలి, సాక్ష్యం పెట్టాలి, కొన్నేళ్లు తిరగాలి.

ముందు ఒపీనియన్ కాగితం చివరి పేజీ చదవండి

ఇది మొదట చేయాల్సిన పని. నేను చూసిన కేసుల్లో సగం గెలుపోటములు అక్కడే తేలిపోయాయి. చాలామంది మొదటి పేజీలో "టైటిల్ స్పష్టంగా ఉంది, అమ్మకానికి యోగ్యం" అన్న వాక్యం చూసి ఫైల్ మూసేస్తారు. చివర్లో చిన్న అక్షరాల్లో "ఫలానా నంబరు లింకు డాక్యుమెంట్ ఒరిజినల్ చూడాలి", "తహశీల్దార్ నుంచి ఇది ప్రభుత్వ భూమి కాదని సర్టిఫికెట్ తీసుకోవాలి", "ఈ అభిప్రాయం నాకు చూపించిన జిరాక్స్ కాపీల ఆధారంగా మాత్రమే" అని ఉంటుంది. దేవరకొండ వైపు ఒకాయనకు సరిగ్గా ఇలాగే జరిగింది. ఒపీనియన్‌లో తహశీల్దార్ సర్టిఫికెట్ షరతు రాసే ఉంది, ఏజెంట్ అవసరం లేదన్నాడని ఆయన తీసుకోలేదు. రెండేళ్ల తర్వాత అసలు విషయం బయటపడి వకీలు మీద నోటీసు పంపమని నా దగ్గరికి వస్తే, ఆ పేజీ చూపించి వద్దని చెప్పాల్సి వచ్చింది. అక్కడ వకీలు తన పని తాను చేశాడు.

మీ కాగితంలో నాలుగు చూడండి. ఎవరి పేరు మీద ఇచ్చారు, మీకా, మీ భార్యకా, బ్యాంకుకా. ఏయే కాగితాలు పరిశీలించామని జాబితా రాశారు. ఎన్నేళ్ల వెనక్కి చూశామని రాశారు. చివర ఏ షరతులు పెట్టారు.

ఇందులో ఎన్నేళ్లు అన్నది మీ కేసుకు ప్రాణం. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది కాబట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు, కొందరు పదమూడేళ్ల ఈసీతోనే సరిపెడతారు. మన తెలంగాణ భూముల్లో అసలు జబ్బంతా అంతకు ముందే ఉంటుంది. ఏ భూమి ఎవరిదో రాసే పాత రెవెన్యూ రికార్డులు, అంటే 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాత వచ్చిన చెసలా పహాణీ, సేత్వార్, 1960లు 70ల పహాణీలు తీస్తే పట్టాదారు కాలమ్‌లో "సర్కారీ" అనో, "లావణి" అనో, "ఇనాం" అనో కనపడుతుంది. అసైన్ చేసిన భూమి అమ్మకం ఈసీలో మామూలు అమ్మకంలాగే ఉంటుంది, అది అసైన్డ్ అని ఈసీ ఎప్పుడూ చెప్పదు. 2020 అక్టోబర్‌లో ధరణి భూమి రికార్డుల పోర్టల్ వచ్చాక ఆన్‌లైన్‌లో పట్టా కనపడితే చాలు అనుకోవడం ఇంకా పెరిగింది, 2025 ఏప్రిల్‌లో భూ భారతి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఈ జిల్లాల్లో టైటిల్ చూసే వకీలుకు పాత పహాణీలు అడగాలని తెలియకపోవడం అంటూ ఉండదు. మీ వకీలు కాగితాల జాబితాలో ఒక్క పహాణీ కూడా లేకుండా "వ్యవసాయ భూమి నుంచి మార్చిన ప్లాట్, టైటిల్ క్లియర్" అని షరతు లేకుండా రాస్తే, నా లెక్కలో అది నిర్లక్ష్యమే. ఆ మాట కోర్టులో సాక్షిగా వచ్చి చెప్పే ఇంకో సీనియర్ వకీలు మీకు కావాలి, అది తేలిక కాదు.

ఆయన ఏం వాదిస్తారో కూడా ఇప్పుడే ఊహించుకోండి. "ఆర్డీఓ నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్పు) ఇచ్చారు, లేఅవుట్‌కు డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) అనుమతి ఉంది, అప్పటికి నిషేధిత జాబితాలో లేదు, సబ్ రిజిస్ట్రారే రిజిస్టర్ చేశారు, నేనెలా అనుమానిస్తాను?" అంటారు. ఇది కొట్టిపారేసే వాదన కాదు. కోర్టులు కూడా వకీలు ఫలితానికి గ్యారంటీ ఇవ్వడు, ఆ వృత్తిలో ఉన్న మామూలు జాగ్రత్త చూపాడా లేదా అన్నదే చూస్తాయి. అందుకే పహాణీలు అడగలేదన్న ఒక్క అంశం మీద మీ దావా నిలబెట్టాలి, "నన్ను మోసం చేశాడు" అని పెద్ద మాటలతో నింపితే బలహీనపడుతుంది.

నష్టం నిజంగా జరిగిందా, ఎంత?

దీన్ని ఎవరూ ముందుగా ఆలోచించరు. నిషేధిత జాబితాలో ఉన్నంత మాత్రాన భూమి పోయినట్టు కాదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద పెట్టే జాబితాల్లో తప్పులు చాలా ఉంటాయి. ఒక సర్వే నంబరులో రెండెకరాలు సర్కారీ ఉంటే మొత్తం ఇరవై ఎకరాల నంబరునూ పెట్టేసినవి నేను చూశాను. ఇంకా ముఖ్యమైనది, లావణి పట్టాలన్నీ అమ్మకూడనివి కావు. 1958 జూలై 25న వచ్చిన జీఓ 1406తో అసైన్‌మెంట్ విధానం మారింది, అమ్మకూడదన్న షరతు ఆ తర్వాతి పట్టాల్లో ఉంటుంది. అంతకు ముందు పాత లావణి నిబంధనల కింద ఇచ్చిన పట్టాల్లో ఆ షరతు లేనివి చాలా ఉన్నాయి. షరతు లేకపోతే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం దానికి వర్తించదు. కాబట్టి మీ సర్వే నంబరు పట్టా ఏ సంవత్సరంలో, ఏ షరతులతో ఇచ్చారో తెలియకుండా ఏ కేసూ వేయొద్దు.

తహశీల్దార్ ఆఫీసులో ఖాస్రా, చెసలా, సేత్వార్ సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి. అసైన్‌మెంట్ రిజిస్టర్, పట్టా ఫైల్ నకలు, ఆ నంబరు ఏ లేఖతో ఎప్పుడు జాబితాలో చేరిందో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రికార్డు దొరకలేదు అని జవాబు వచ్చినా దాచిపెట్టుకోండి, అది కూడా పనికొస్తుంది. పట్టా 1958కి ముందుదై షరతు లేకపోతే కలెక్టర్‌కు జాబితా నుంచి తీసేయమని దరఖాస్తు, కాదంటే హైకోర్టులో రిట్. 22-ఎ జాబితాలు ఎలా ఉండాలో, బాధితులు ఎలా అడగాలో 2015 డిసెంబర్‌లోనే ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. అలా తీసేయించుకోగలిగితే మీకు మిగిలే నష్టం ఆ ఖర్చు, ఆలస్యం. అప్పుడు వకీలు మీద 16 లక్షల దావా అనే ప్రశ్నే ఉండదు.

షరతు ఉన్న పట్టా అని తేలితే మాత్రం అమ్మకమే చెల్లదు, ఎన్ని చేతులు మారినా, ఎంత నిజాయితీగా కొన్నా. అప్పుడు నష్టం పూర్తిగా ఉన్నట్టే.

ఇక మొత్తం సంగతి. మీరు 16 లక్షలు ఇచ్చారు, దస్తావేజు తొమ్మిదిన్నర లక్షలు చెప్తోంది. మిగతా ఆరున్నర లక్షలు నగదుగా ఇచ్చి ఉంటారు, మన దగ్గర అందరూ చేసేదే. ఇప్పుడు ఆ ఆరున్నర లక్షలు అడగాలంటే మీరే సంతకం పెట్టించుకున్న దస్తావేజుకు వ్యతిరేకంగా మాట్లాడాలి. రసీదు లేకుండా ఇది చాలా కష్టం. పైగా స్థిరాస్తి కోసం 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని, ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, 2 లక్షలు లేదా అంతకు మించి నగదు ఇచ్చామని దావాలో రాస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని కోర్టులకు చెప్పింది. జరిమానా ప్రధానంగా తీసుకున్నవాడికే, కానీ ఆ డబ్బు మీకు ఎక్కడిదని మిమ్మల్నీ అడుగుతారు. అందుకని బ్యాంకు విత్‌డ్రా స్టేట్‌మెంట్, అమ్మిన బంగారం బిల్లు, అన్నదమ్ములు పంపిన ఫోన్‌పే ఎంట్రీలు, అగ్రిమెంట్ మీద రాసిన మొత్తం, ఏజెంట్‌తో వాట్సాప్ చాట్, ఏది ఉంటే అది ఒకచోట చేర్చండి. కొన్నప్పటి అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో 16 లక్షలు రాసి ఉంటే మీ అదృష్టం, దాన్ని చింపేయకండి. చాలామంది రిజిస్ట్రేషన్ రోజే డాక్యుమెంట్ రైటర్ చెప్పాడని చింపేస్తారు, ఎంత బాధేస్తుందో చెప్పలేను.

స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి అప్పుడు 7.5 శాతం కట్టి ఉంటారు, తొమ్మిదిన్నర లక్షల మీద 71 వేల చిల్లర. దాన్నీ, కట్టిన లోన్ వడ్డీనీ నష్టంలో కలపండి. "ఇప్పుడు ఆ ప్లాట్ ముప్పై లక్షలు పలికేది" అన్న లెక్క మాత్రం వకీలు మీద దావాలో నిలబడటం అనుమానమే.

అమ్మినవాళ్ల మీద మీకున్న బలం

అమ్మేవాడికి అమ్మే హక్కు ఉందని చట్టమే హామీ రాసుకుంటుంది, ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్. దానికి తోడు మీ దస్తావేజులో "భవిష్యత్తులో ఏవైనా తగాదాలు వస్తే మా సొంత ఖర్చులతో పరిష్కరించి, నష్టం భర్తీ చేయగలవారము" అనే పేరా దాదాపు తప్పకుండా ఉంటుంది. అది అలవాటుగా రాసే మాట అని అందరూ వదిలేస్తారు. మీ కేసులో దాని విలువ చాలా ఎక్కువ.

వెంచర్ కాబట్టి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) కూడా చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ రెరాలో రిజిస్టర్ కావాలి. రెరా చట్టం 18వ సెక్షన్ రెండో భాగం చెప్పేది నేను కొనుగోలుదారులందరికీ చెప్తుంటాను: భూమి టైటిల్ లోపం వల్ల కొన్నవాళ్లకు నష్టం వస్తే ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి, ఆ క్లెయిమ్‌కు ఏ చట్టంలోని కాలపరిమితీ అడ్డం రాదు. వకీలు మీద మూడేళ్లు, కన్జ్యూమర్ కమిషన్‌లో రెండేళ్లు అంటూ గడియారం నడుస్తుంటే ఇక్కడ అది లేదు. రెరా వెబ్‌సైట్‌లో వెంచర్ పేరు కొట్టి చూడండి. ఉంటే ప్రమోటర్ అక్కడ అప్‌లోడ్ చేసిన టైటిల్ కాగితాలు, ఆయన వకీలు ఇచ్చిన టైటిల్ రిపోర్టు కూడా దొరుకుతాయి, అవి మీకు ఉచితంగా వచ్చే సాక్ష్యం. రిజిస్టర్ కావాల్సి ఉండి కాకపోతే అదే ఒక ఉల్లంఘన, దానికి ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం వరకు జరిమానా ఉంది. ఫిర్యాదులో ఆ సంగతీ రాయండి.

రోడ్లు, డ్రైన్లు, కరెంటు వేసిస్తామని వెంచర్ అమ్మితే అది సేవ కిందికి వస్తుందని 2012లో సుప్రీంకోర్టు హైదరాబాద్ కంపెనీ ఒకదాని కేసులోనే చెప్పింది, కాబట్టి ప్రమోటర్ మీద కన్జ్యూమర్ కమిషన్‌కూ వెళ్లొచ్చు. నల్గొండలోనే జిల్లా కమిషన్ ఉంది, 50 లక్షల వరకు అక్కడే. మీరు ఉండే ఊళ్లో కూడా వేయొచ్చు. కొన్న తేదీ నుంచి రెండేళ్లు దాటిపోయాయి కాబట్టి, కారణం పుట్టింది సబ్ రిజిస్ట్రార్ వెనక్కి పంపిన రోజు అని వాదించాలి, ఆలస్యం మన్నించమనే పిటిషన్ కూడా తోడు పెట్టాలి. మీ సందర్భంలో నేనైతే రెరా వైపే మొగ్గుతాను. రెండు చోట్లా ఒకే పరిహారం అడగొద్దు.

ప్లాట్ అమ్మింది ప్రమోటర్ కాక, ముందు కొన్న మామూలు మనిషి అయితే రెరా, కన్జ్యూమర్ రెండూ ఆయన మీద కుదరవు. సివిల్ దావానే. దస్తావేజులో అమ్మినవారి పేరు ఎవరిదో చూసి చెప్పండి.

మిగతావాళ్లు

బ్యాంకు గురించి. బ్యాంకు ప్యానెల్ వకీలు కూడా ఓకే అన్నాడు కదా అంటారు. ఆ ఒపీనియన్ బ్యాంకు తన అప్పు కోసం తీసుకున్నది, ఫీజు మీ అకౌంట్‌లో కోసినా సరే. లోన్ వచ్చింది కాబట్టి టైటిల్ మంచిదే అన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది, దాని వల్ల మునిగినవాళ్లు ఎందరో. బ్యాంకు మీద దావా దండగ. కానీ ఆ ప్యానెల్ వకీలు రిపోర్టు నకలు అడగండి, ఇవ్వకపోయినా అడిగినట్టు ఉత్తరం ఉండాలి. కోపంలో ఈఎంఐ ఆపొద్దు. టైటిల్ తగాదా మీకూ అమ్మినవాడికీ మధ్య, బ్యాంకుకు సంబంధం లేదంటారు, సిబిల్ పాడయ్యేది మీ భార్యది.

సబ్ రిజిస్ట్రార్ మీద కుదరదు, మంచి నమ్మకంతో చేసిన పనికి ఆయనకు చట్టంలోనే రక్షణ ఉంది. డాక్యుమెంట్ రైటర్ చెప్పింది రాసేవాడు. టైటిల్ చూస్తానని ఆయన డబ్బు తీసుకున్నట్టు కాగితం ఉంటే తప్ప కలపొద్దు. ఏజెంట్ వేరు. "అన్నీ చూశాం, పక్కా క్లియర్" అని వాట్సాప్‌లో పెట్టి కమీషన్ తీసుకున్న ఏజెంట్‌ను తప్పకుండా కలపండి. ఏజెంట్లు, సర్వేయర్లు, వాల్యూయర్లకు వకీళ్లకు వచ్చిన మినహాయింపు లేదు. జడ్చర్ల వైపు ఒక కుటుంబం ప్రైవేటు సర్వేయర్ తప్పు హద్దులు చూపిస్తే పక్కవాళ్ల జాగాలో బేస్‌మెంట్ లేపేశారు. సర్వేయర్ సంతకం చేసిన స్కెచ్, ఫీజు గూగుల్ పే చేసిన రికార్డు ఉన్నాయి కాబట్టి కమిషన్‌లో వేసిన కొన్ని నెలలకే ఆయన రాజీకి వచ్చి కూల్చిన ఖర్చు కట్టాడు.

వకీలు మీద ఏం చేయాలి, ఏ వరసలో

ముందు మీ ఫైల్ వెనక్కి తీసుకోండి. ఒరిజినల్స్ ఏవైనా ఆయన దగ్గర ఉంటే ఫీజు బాకీ అని పట్టుకుని కూర్చునే హక్కు వకీలుకు లేదు, 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్ ఎత్తకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి, గొడవ పెట్టుకున్నట్టు కాకుండా కాగితాలు అడుగుతూ, ఏయే రికార్డులు పరిశీలించారో చెప్పమని అడుగుతూ. ఆ జవాబు, లేదా జవాబు రాకపోవడం, రెండూ పనికొస్తాయి. ఫీజు 8 వేలు ఎలా ఇచ్చారు? నగదు అయితే ఇచ్చినట్టు ఏ మెసేజ్ ఉందో వెతకండి. ఆయనకు ఏ కాగితాలు పంపారో ఆ వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌లో పెట్టుకోండి, ఫోన్ మారిస్తే పోతుంది.

తర్వాత లీగల్ నోటీసు. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, అదే బార్‌లో ఉండే వకీలు తోటి వకీలు మీద నోటీసు ఇవ్వడానికి వెనకాడతారు. అందుకని పక్క జిల్లా నుంచో, హైదరాబాద్ నుంచో పెట్టుకోండి. నోటీసు తర్వాత నేరుగా దావాకు వెళ్లకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోసం) దరఖాస్తు పెట్టమని నా సలహా. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఊళ్లో పేరున్న వకీలు బహిరంగ కోర్టులో నిర్లక్ష్యం కేసులో బోనెక్కడం కంటే అక్కడ ఎంతో కొంత ఇచ్చి ముగించుకోవడానికే ఇష్టపడతారు. కౌలుదారీ చట్టం 38-ఈ సెక్షన్ కింద రక్షిత కౌలుదారు హక్కు ఉన్న భూమిని చూడకుండా ఒపీనియన్ ఇచ్చిన ఒక సందర్భంలో సరిగ్గా ఇలాగే జరిగింది. మొత్తం నష్టం రాలేదు, కానీ ఫీజుతో పాటు హైకోర్టు ఖర్చులకు సరిపడా వచ్చింది. దావా వేసి ఉంటే ఇంకా నడుస్తూ ఉండేది. జిల్లాల్లో ఇలాంటి బాధ్యతకు ఇన్సూరెన్స్ ఉన్న వకీళ్లు నాకు పెద్దగా తగల్లేదు, అందుకని 16 లక్షల డిక్రీ వచ్చినా ఒక్కడి దగ్గర వసూలు చేయడం ఇంకో యుద్ధం.

రాజీ కుదరకపోతే దావా. కాలపరిమితి మూడేళ్లు. తప్పు బయటపడిన రోజు నుంచి లెక్కించాలని మీరు అనొచ్చు, కానీ చట్టం ఆ వెసులుబాటు స్పష్టంగా ఇచ్చింది మోసం, పొరపాటు ఉన్నప్పుడు. వట్టి నిర్లక్ష్యానికి ఒపీనియన్ ఇచ్చిన రోజు నుంచే లెక్క అని ఎదుటివాళ్లు పట్టుబడతారు. ఆ రిస్క్ ఎందుకు? 2026 అక్టోబర్‌లో ఒపీనియన్ తేదీ దాటేలోపే దావా ఫైల్ అయి ఉండాలి. కలెక్టర్ దగ్గర దరఖాస్తు తేలలేదని, లోక్ అదాలత్‌లో మాట్లాడుతున్నామని ఆగొద్దు. అవి నడుస్తుండగానే వేసేయొచ్చు. అందులోనే అమ్మినవాళ్లను కూడా ప్రతివాదులుగా చేర్చాలా, రెరాను విడిగా నడపాలా అన్నది కాగితాలు చూసి మీ వకీలు తేలుస్తారు.

బార్ కౌన్సిల్ ఫిర్యాదు గురించి అందరూ అడుగుతారు. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద పెట్టొచ్చు, మందలింపు, సస్పెన్షన్, పేరు తొలగింపు వరకు ఉంటుంది, మీకు రూపాయి రాదు. పైగా తప్పు సలహా, మామూలు అజాగ్రత్త వృత్తి దుష్ప్రవర్తన కిందికి రావు, అందులో దురుద్దేశం కనపడాలి. ఉదాహరణకు అదే వకీలు ప్రమోటర్‌కు కూడా పనిచేస్తూ ఆ సంగతి దాచి మీ దగ్గర ఫీజు తీసుకుంటే అది వేరే విషయం. రెరాలో ఉన్న టైటిల్ రిపోర్టు ఎవరి సంతకంతో ఉందో అందుకే చూడమన్నాను.

పోలీసు కేసు పెడితే భయపడి ఇచ్చేస్తాడని మీ బంధువులు ఎవరో చెప్పి ఉంటారు. వకీలు మీద అలా చేయొద్దు. 2012లో సుప్రీంకోర్టు హైదరాబాద్‌కు చెందిన ఒక బ్యాంకు ప్యానెల్ వకీలు మీద సీబీఐ పెట్టిన కేసును హైకోర్టు కొట్టేయడాన్ని సమర్థిస్తూ, మోసం చేసినవాళ్లతో ఆయన కుమ్మక్కయ్యాడన్న ఆధారం లేకుండా తప్పు ఒపీనియన్ ఇచ్చాడన్న ఒక్క కారణంతో క్రిమినల్ కేసు నడవదని చెప్పింది. అమ్మినవాడి సంగతి వేరు. లావణి అని తెలిసే అమ్మాడని చూపగలిగితే చీటింగ్ ఫిర్యాదు పెట్టొచ్చు, మీది 2024 జూలై 1కి ముందు లావాదేవీ కాబట్టి పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి.

చివరిగా, ప్లాట్ మీ భార్య పేరు మీద ఉంది కాబట్టి రెరాలో, కలెక్టర్ దగ్గర, సివిల్ కోర్టులో దరఖాస్తుదారు ఆవిడే. ఒపీనియన్ మీ పేరు మీద ఉంటే వకీలు మీద దావాలో ఇద్దరూ వాదులుగా ఉండటం మంచిది, లేకపోతే "నాకు ఫీజు ఇచ్చింది ఒకరు, నష్టపోయింది ఇంకొకరు" అని అక్కడే పట్టుకుంటారు. ఇంకో మంచి సంగతి, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. నల్గొండ జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, ఆధార్, దస్తావేజు, ఒపీనియన్ నకళ్లతో ఆవిడనే స్వయంగా వెళ్లమనండి.

ఒపీనియన్‌లో ఉన్న కాగితాల జాబితా, చివరి పేరా ఇక్కడ టైప్ చేసి పెట్టండి, పేర్లు, సర్వే నంబరు కొట్టేసి. పట్టా సంవత్సరం తహశీల్దార్ ఆఫీసులో తెలిస్తే అది కూడా. అవి చూస్తే వకీలు మీద ముందుకెళ్లడం దండగా కాదా అన్నది ఇంకా కచ్చితంగా చెప్పగలను.